నలభై నిమిషాల మంచు

అమెరికాలో మంచుని అంగుళాల్లో కొలుస్తారు. పెన్సిల్వేనియా వచ్చిన మొదటి చలికాలంలో నేను నేర్చుకున్న లెక్క ఇదే. రెండంగుళాలంటే ఆఫీసు మామూలే. ఆరంటే ఇంటి నుంచి పని. పన్నెండని చెప్పారంటే ముందురోజు సాయంత్రానికే కాస్ట్‌కోలో పాలు, బ్రెడ్డు ఉండవు. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా చలికాలమంతా ఇదే గొడవ. ఎవరికి ఎన్ని అంగుళాలు, ఎవరి డ్రైవ్‌వే ఎవరు తవ్వారు, ఎవరి నడుం పట్టేసింది. ఈ లెక్కలో అంగుళం లోపు మంచుకి అసలు చోటే లేదు. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

2022 మార్చి 28న పొద్దున మా ఇంటికి గంట దూరంలో, స్కూల్‌కిల్ కౌంటీలో, ఐ-81 మీద ఎనభై వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు చనిపోయారు. ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ఎవరో రోడ్డు పక్కన నిలబడి ఫోన్లో తీశారు. తెల్లటి తెర. అందులోంచి ఒక ట్రక్కు బయటికొస్తుంది, ఆగి ఉన్నవాటిని గుద్దుతుంది. కొన్ని సెకన్ల తర్వాత అదే తెరలోంచి ఇంకొకటి. తర్వాత పొగ, మంటలు. అది క్యాలెండర్ ప్రకారం వసంతం మొదలైన తర్వాతి వారం. నేను ఆ వీడియోని ఆఫీసులో, సౌండు తీసేసి, నాలుగైదుసార్లు చూశాను. సౌండు పెట్టి ఒక్కసారే చూశాను.

అప్పట్నుంచీ ఈ స్నో స్క్వాల్ అనేదాని గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఇంజినీరు బుర్ర కదా, ఎలా పనిచేస్తుందో తెలిస్తే భయం కొంచెం తగ్గుతుందని ఒక నమ్మకం. తగ్గలేదనుకోండి, అది వేరే సంగతి.

మన పేపర్లు అమెరికాలో ఏం పడ్డా 'మంచు తుపాను' అనే రాస్తాయి. తుపాను అంటే మనకి ఒక పద్ధతి ఉంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, అది వాయుగుండం, తర్వాత తీవ్ర వాయుగుండం, రేవుల్లో ఒకటో నంబరు, మూడో నంబరు హెచ్చరిక, తర్వాత ఒక పేరు. మూడు నాలుగు రోజులు టీవీలో ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. స్క్వాల్‌కి ఇవేవీ లేవు. పేరు లేదు. చక్రం లేదు. వచ్చి, ఊరు దాటి, వెళ్ళిపోవడానికి గంట కూడా పట్టదు. చాలాసార్లు అరగంటే. దాని దగ్గరి చుట్టం తుపాను కాదు, మన ఏప్రిల్ సాయంత్రాల్లో వచ్చే గాలివాన. అప్పటిదాకా మండిన ఎండ, ఉన్నట్టుండి పడమటన నల్లబడటం, దుమ్ము, తలుపులు దబదబా కొట్టుకోవడం, ఇరవై నిమిషాల వాన, మళ్ళీ ఎండ. అదే తంతు, కాకపోతే చల్లటి దేశంలో.

అసలు మన భాషలో మంచు అన్న మాటే ఒక వింత. డిసెంబరు పొద్దున ఒంగోల్లో మా అత్తగారు ఫోన్ చేసి 'ఇక్కడ మంచు బాగా పడతా ఉంది, మీకూ పడతా ఉందా' అంటారు. ఆవిడ చెప్పేది పొగమంచు. గడ్డి మీద పొద్దున్నే మెరిసేదీ మంచే. హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. ఇంగ్లీషులో నాలుగు వేర్వేరు మాటలున్న చోట మనం ఒక్కదానితో సరిపెట్టుకున్నాం. వచ్చిన కొత్తలో దీన్ని మా భాషలో ఒక లోటుగానే చూసేవాణ్ణి. స్క్వాల్ గురించి చదివాక అలా అనిపించడం మానేసింది. ఎందుకంటే అందులో ఆ నాలుగూ పది నిమిషాల్లో ఒకటే అయిపోతాయి. పొగమంచులా ముందున్నది కనపడనివ్వదు, ఆకాశం నుంచి మంచులా పడుతుంది, రోడ్డు తాకగానే తడవుతుంది, చూస్తుండగానే గాజులా గడ్డకడుతుంది. మా అత్తగారి మాటే దానికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు ఆ గాజు సంగతి. చలిగాలి బరువైనది. వెచ్చటి గాలి తేలిక. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి నేలని అంటిపెట్టుకుని, వెచ్చటి గాలి కిందికి మేకులా దూరి దాన్ని పైకి లేపుతుంది. ఈ రెండూ కలుసుకునే గీతకి 'ఫ్రంట్' అని పేరు పెట్టింది నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు, విల్‌హెల్మ్ బియర్క్‌నెస్, ఆయన కొడుకు యాకబ్, వాళ్ళ శిష్యులు. మొదటి ప్రపంచయుద్ధం కాలం. యుద్ధం వల్ల బయటి దేశాల వాతావరణ సమాచారం ఆగిపోతే, ఉన్న దేశంలోనే దగ్గర దగ్గరగా పరిశీలన కేంద్రాలు పెట్టుకున్నారు. అంత దగ్గరగా చూస్తేనే ఆ గీత కనపడింది. రోజూ పేపర్లో చదువుతున్న యుద్ధరంగం పేరే దానికి పెట్టారు. ఆ పోలిక నాకు నచ్చదు. యుద్ధరంగంలో రెండు వైపులా సైన్యాలుంటాయి. ఇక్కడ కొట్టేది ఒకవైపే.

ఫ్రంట్ బలంగా ఉంటే దాని వెనకాలే పై గాలి కూడా బాగా చల్లబడుతుంది. నేల దగ్గర మాత్రం పగటి ఎండకి ఇంకా కాస్త వెచ్చదనం మిగిలి ఉంటుంది. కింద వెచ్చన, పైన చల్లన. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు తెర్లినట్టు గాలి పైకీ కిందికీ తిరగబడుతుంది. మబ్బులు గోడలా వరస కడతాయి. మన క్యుములోనింబస్ మేఘం పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా పోతుంది కాబట్టి రాడార్‌కి దూరం నుంచే చిక్కుతుంది. ఈ మంచు మబ్బులు పొట్టివి. రాడార్‌కి దూరంగా ఉన్న చోట, దాని కిరణం వీటి నెత్తి మీదుగా దాటి పోతుంది. ఎనిమిదడుగుల గేటు పెట్టి పిల్లిని పట్టుకోవాలని చూసినట్టు.

ఇక రోడ్డు. మొదట పడిన రేకులు రోడ్డు మీద కరుగుతాయి, లేదా టైర్ల కింద నలిగి నీరవుతాయి. ఆ నీటిపొర మీదికి ఫ్రంట్ వెనకాల వచ్చే చలి దిగుతుంది. ఫ్లాష్ ఫ్రీజ్ అంటే అదే. కొన్నిసార్లు ఫ్రంట్ ముందు వాన పడుతుంది, అప్పుడైతే నీళ్ళు ముందే సిద్ధంగా ఉంటాయి. 2022 డిసెంబరు 21న డెన్వర్‌లో సాయంత్రం ఒక్క గంటలో ఉష్ణోగ్రత 42 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి 5కి పడిపోయింది. అంటే మన లెక్కలో ఐదున్నర నుంచి మైనస్ పదిహేనుకి. షయాన్‌లో అరగంటలోనే నలభై ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గింది. అంతకు చాలా ముందు, 1911 నవంబరు 11న ఓక్లహామా సిటీలో ఒకే రోజు 83 డిగ్రీలూ, 17 డిగ్రీలూ నమోదయ్యాయి. ఆ తేదీకి ఆ ఊళ్ళో అత్యధికం, అత్యల్పం రెండు రికార్డులూ ఇప్పటికీ ఆ ఒక్క రోజువే. పొద్దున చొక్కాతో బయటికెళ్ళినవాడు రాత్రికి ఇంటికి ఎలా చేరి ఉంటాడు అని ఆ అంకెలు చూసినప్పుడల్లా అనుకుంటాను.

నిరుడు జనవరిలో మా మామగారు వచ్చారు. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు డ్రైవరు. ఎక్కువకాలం ఒంగోలు నుంచి హైదరాబాదు నైట్ సర్వీసు, అద్దంకి, పిడుగురాళ్ళ మీదుగా. మనిషి కారెక్కితే కళ్ళు రోడ్డు మీదే. మాట్లాడుతున్నా అంతే. ఒక శనివారం బింగమ్‌టన్‌లో స్నేహితుల ఇంట్లో పాపాయి అన్నప్రాశన ఉంటే ఐ-81 ఎక్కాం. మా ఆవిడ నడుపుతోంది, ఆయన పక్క సీట్లో, నేను వెనక మా వాడితో. ఎండ బాగానే ఉంది. స్క్రాంటన్ ఇంకా రాలేదు, కార్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి అరిచాయి. తుపాకి పేలినట్టు కాదు, పళ్ళు జివ్వుమనే ఆ ఎమర్జెన్సీ మోత. స్నో స్క్వాల్ హెచ్చరిక. నేషనల్ వెదర్ సర్వీస్ వీటిని దేశమంతా ఇవ్వడం మొదలుపెట్టింది 2018లోనే. అందులో ఉండే సలహా కూడా పొట్టిగానే ఉంటుంది. బయల్దేరకపోతే ఆగండి, హైవే మీదుంటే దిగిపోండి.

ఎడమవైపు కొండల మీద ఒక తెల్లగోడ ఉంది. గోడ అంటున్నది వర్ణన కోసం కాదు. దానికి నిజంగానే అంచు ఉంది.

'ఏందమ్మా అది?' అన్నారు మామగారు.

'స్క్వాల్ నాన్నా. ఎగ్జిట్ తీసుకుంటున్నా.'

'దానికెందుకు దిగటం? లైట్లేసుకుని నిదానంగా పోతే సరిపోద్ది. ముందు లారీ ఎనకమాల లైటు పట్టుకో. మేం పొగమంచులో ఎన్ని సార్లు పోలా.'

తను ఏమీ అనలేదు. ఇండికేటర్ వేసింది. ఆయన కిటికీ వైపు తిరిగారు. ఒక డ్రైవరు చెప్పింది ఇంకో డ్రైవరు వినకపోతే ఎలా ఉంటుందో ఆయన మెడ చూస్తే తెలిసింది.

ఆయన చెప్పింది తప్పు పద్ధతేం కాదు. పల్నాడులో జనవరి తెల్లవారుజామున అదే సరైన పద్ధతి. పొగమంచులో రోడ్డు టైరుని పట్టుకునే ఉంటుంది. ముందు లారీవాడు బ్రేకేస్తే మెల్లగా ఆగుతాడు, వెనక దీపం దగ్గరపడటం కనపడుతుంది, మనమూ ఆగుతాం. ఇక్కడ ముందు లారీ మెల్లగా ఆగదు, దేన్నో గుద్దుకుని ఆగుతుంది. వెనకవాడి బ్రేకు నున్నటి మంచు మీద పనిచెయ్యదు. దీపాన్ని పట్టుకుని పోవడమంటే సరిగ్గా ఆ వరసలో చేరడమే. మార్చి 28 వీడియోలో తెరలోంచి ఒకటి తర్వాత ఒకటిగా వచ్చిన ట్రక్కుల్లో ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ఉండే ఉంటారు.

గ్యాస్ స్టేషన్‌లో కారు ఆపి లోపలికి వెళ్ళాం. కాఫీ కప్పు చేతికి వచ్చేసరికి బయట పంపులు కనపడటం మానేశాయి. పది గజాలు కూడా లేదు దూరం. గాలికి తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. కౌంటర్లో అమ్మాయి వచ్చి దాన్ని నొక్కిపట్టి నిలబడింది. మామగారు కిటికీ దగ్గర వాచీ చూసుకుంటూ నిలుచున్నారు. బస్సు ఎన్ని నిమిషాలు లేటో చూసుకునే అలవాటు అనుకుంటా. ఇరవై ఐదు నిమిషాలకి తెర పల్చబడింది. ముప్ఫైకి ఎండ వచ్చింది. నేల మీద పడిందెంతా అని చూస్తే, అంగుళంలో సగం కూడా లేదు.

బయటికొచ్చి ఆయన బూటుకాలితో నేలని రాశారు. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. కారు డాష్‌బోర్డ్ మీద మేం ఎగ్జిట్ తీసుకున్నప్పుడు 36 ఉంది, ఇప్పుడు 21. 'దీని మీద బ్రేకేం పనిచేస్తది' అన్నారు, ఎవరితోనో కాదు. తర్వాత కూతురితో, 'ఇంకో అరగంట ఆగుదాం లే, తొందరేముంది.'

ఆ అరగంటలో హైవే మీద ఉప్పు లారీ ఒకటి వెళ్ళింది. ఉప్పు చల్లుతారని చెబితే ఆయన నమ్మలేదు. 'ఉప్పా? తినే ఉప్పే?' చినగంజాం ఉప్పు కొఠార్లు చూస్తూ పెరిగిన మనిషి. ఇన్ని వేల మైళ్ళ రోడ్డు మీద ఉప్పు పారబోయడం ఆయనకి ఆ రోజంతటిలోకీ పెద్ద ఆశ్చర్యం. ఉప్పు కలిస్తే నీళ్ళు గడ్డకట్టే ఉష్ణోగ్రత కిందికి దిగుతుందని చెప్పాను. అయితే దానికీ ఒక హద్దుంది. పదిహేను ఫారన్‌హీట్ కిందికి పోతే మామూలు ఉప్పు చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. ముందే ఉప్పునీళ్ళు చల్లుకుందామంటే, ఫ్రంట్ ముందు వాన పడితే అదంతా కొట్టుకుపోతుంది. 'మరి ఏం చేస్తారు?' అన్నారు. ఆగడమే అన్నాను.

మళ్ళీ హైవే ఎక్కాక పది మైళ్ళ దగ్గర మధ్య గడ్డిలో మూడు కార్లు, అడ్డంగా తిరిగిన ఒక ట్రైలరు, పోలీసు దీపాలు. ఆయన ఏమీ అనలేదు. అద్దంలో మా ఆవిడ మొహం కూడా నాకు కనపడలేదు. అన్నప్రాశనకి వెళ్ళేసరికి పాపాయి నిద్రపోయింది.

పాత ఆకాశం నేర్పిన లెక్కతో కొత్త ఆకాశాన్ని కొలవడం గురించి నాకు తెలిసినంతలో బాగా రాసిన పుస్తకం డేవిడ్ లాస్కిన్ 'ది చిల్డ్రన్స్ బ్లిజర్డ్'. 2004లో వచ్చింది. 1888 జనవరి 12న డకోటా, నెబ్రాస్కా మైదానాల మీదికి వచ్చిపడ్డ మంచుగాలి కథ. చాలా రోజుల గడ్డు చలి తర్వాత ఆ పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. పిల్లలు మందపాటి కోట్లు లేకుండానే బడికి వెళ్ళారు. బడి నడుస్తుండగానో, వదిలిపెట్టే వేళకో ఫ్రంట్ వచ్చింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత సన్నటి మంచుపొడి. చనిపోయినవాళ్ళు రెండు వందలకు పైనే అంటారు, అందులో బడి నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లలు చాలామంది. లాస్కిన్ కథని ఆ పొద్దునతో మొదలుపెట్టడు, ఆ కుటుంబాలు ఎక్కడినుంచి వచ్చాయో అక్కడ మొదలుపెడతాడు. నార్వే నుంచి, జర్మనీ నుంచి, ఉక్రెయిన్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు. వాళ్ళకి చలి కొత్తేం కాదు. చలి ఇంత వేగంగా రాగలదన్నదే కొత్త. అమెరికా వచ్చిన మనవాళ్ళ గురించి రాసిన తెలుగు కథల్లో వీసాలున్నాయి, ఒంటరితనం ఉంది, గ్రీన్‌కార్డు క్యూ ఉంది. వాతావరణం మాత్రం కిటికీ అవతల అందంగా కురుస్తూ ఉంటుంది, అంతే. రోజుకి రెండు గంటలు హైవే మీద ఉండే మనుషుల కథల్లో హైవే ఇంత తక్కువగా ఎందుకుంటుందో నాకు అర్థం కాదు.

లాస్కిన్ మీద ఒక ఫిర్యాదు కూడా ఉంది నాకు. పిల్లలు మంచులో గడ్డకట్టిన గంటల్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఖాళీని ఆయన శరీరశాస్త్రంతో నింపుతాడు. రక్తం ఎటు పోతుంది, మెదడు ఎప్పుడు మొద్దుబారుతుంది అని. చదువుతున్నంతసేపూ ఊపిరాడదు, అది నిజం. కానీ ఆ పిల్ల నా కళ్ళముందే చనిపోయిందనిపించడం కోసం రచయిత ఎంతదూరం పోవచ్చు? ఇదే సంఘటన మీద టెడ్ కూజర్ 1986లో 'ది బ్లిజర్డ్ వాయిసెస్' అని చిన్న కవితల పుస్తకం వేశాడు. నెబ్రాస్కాలో ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ కవిత్వం రాసినవాడు (మనలాంటివాడే, నాకందుకే ఇంకాస్త ఇష్టం). బతికినవాళ్ళు చెప్పుకున్న జ్ఞాపకాలే ఆధారంగా, ఒక్కో గొంతుకి ఒక్కో కవిత. ఎవరికి తెలిసినంత వాళ్ళు చెప్పి ఆగిపోతారు. పొయ్యి దగ్గర కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. నన్నడిగితే రెండోదే ఎక్కువకాలం గుర్తుంటుంది.

చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నది ఈ మంచు విషయంలో అన్నిటికన్నా పెద్ద సంగతి. 2019 డిసెంబరు 18న న్యూయార్కులో ఒక స్క్వాల్ వచ్చింది. ఎత్తయిన మేడ మీంచి తీసిన టైమ్‌లాప్స్ వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. మన్‌హాటన్ భవనాలు ఒక్కొక్కటే తెల్లదనంలో మునిగిపోతాయి. ఎంతో అందంగా ఉంటుంది. అదే రోజు, అదే చలిగాలితో పాటు వచ్చిన స్క్వాల్‌లో పెన్సిల్వేనియాలో ఐ-80 మీద బండ్లు గుద్దుకుని ఇద్దరు చనిపోయారు. నలభయ్యో అంతస్తు నుంచి చూసినవాడికి అది గోడ. రోడ్డు మీదున్నవాడికి అది గోడ అని కూడా తెలియదు, లోపలికి వెళ్ళిపోయాక.

మామగారికి 1977 దివిసీమ ఉప్పెన గుర్తుంది. అప్పుడాయనకి పద్దెనిమిదేళ్ళు. తర్వాత కొన్ని రోజులు ఆయన దాని గురించే మాట్లాడారు, శవాల గురించి కాదు, ముందురోజు సాయంత్రం ఆకాశం ఏ రంగులో ఉందో, పశువులు ఎలా అరిచాయో. తుపానుకి ముందు ఏదో ఒకటి తెలుస్తుందనేది ఆయన వాదన. ఇక్కడ మాత్రం ఎండలో పోతుంటే ఫోను అరిస్తేగానీ తెలియలేదు. ఒకరాత్రి భోజనాల దగ్గర అడిగారు. 'ఫోన్లు లేనప్పుడు ఈళ్ళేం చేసేవాళ్ళు?'

నేను ఇలినాయ్ కథ చెప్పాను. 1836 డిసెంబరు 20. స్ప్రింగ్‌ఫీల్డ్ చుట్టుపక్కల నేలంతా వాన నీళ్ళు, కరుగుతున్న మంచు, బురద. వాషింగ్టన్ క్రౌడర్ అనే యువకుడు పెళ్ళి లైసెన్సు కోసం గుర్రం మీద ఊళ్ళోకి బయల్దేరాడు. దారిలో వాయవ్యం నుంచి నల్లటి మబ్బు, హోరు. గొడుగు మూసేసరికి చలి మీద పడిపోయింది. కోటు మీంచి కారుతున్న నీళ్ళు కారుతున్నట్టే గడ్డకట్టాయి. ఊరు చేరి, దుకాణం ముందు దిగబోతే దిగలేకపోయాడు. బట్టలు జీనుకి అతుక్కుపోయాయి. ఇద్దరు మనుషులొచ్చి, గుర్రం పొట్ట కింది పట్టీ విప్పి, మనిషినీ జీనునీ కలిపే ఎత్తుకెళ్ళి పొయ్యి దగ్గర పెట్టి కరిగించారు. లైసెన్సు మాత్రం ఆ రోజే తీసుకున్నాడు.

మా ఆవిడ నవ్వింది. మా వాడు మళ్ళీ చెప్పమన్నాడు. మామగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు.

'గుర్రం సంగతేంది మరి?' అన్నారు. 'దానికి కాళ్ళకి లాడాలుంటయిగా. ఆ గాజు మీద ఎట్టా నిలబడిందది?'